ఇరవై అయిదుకీ నలభైకీ మధ్య

మా హెల్యు పిన్ని జన్మలో ఒకే ఒక్కసారి గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో ప్రయాణం చేసింది. అదీ తన ఇష్టం లేకుండా. శవపేటికలో ఉంది కాబట్టి నోరు మెదపలేకపోయింది.

శవాన్ని మోసుకెళ్లే బండి డ్రైవరు కొత్తవాడు. సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాడు. చర్చి దగ్గర్నుంచి శ్మశానం దాకా మర్యాదగా, మెత్తగా, ముప్పైలో పోనిస్తున్నాడు. వెనకాల కార్లలో మా కడకనీన ఊరు ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. చివరికి నేనే హారన్ కొట్టి, ముందుకెళ్లి, అడ్డంగా ఆపాను.

"ఏమండీ, ఇరవైలో పోనివ్వండి. లేదంటే యాభైలో. ముప్పై మాత్రం వద్దు."

"ఎందుకని?"

"లోపలున్నావిడ లేచి కూర్చుంటుంది."

పాపం, నమ్మాడు. మిగతా దారంతా ఇరవైకి ఒక్క గీత అటు పోలేదు. వెనక్కి మాత్రం పదిసార్లు చూశాడు.

ఆ డ్రైవరుకి తెలియని సంగతి మా హీయుమా దీవిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది. దాని మీద బండి వెళ్తుంటే అడుగున నీళ్లు అలలాగా కదులుతాయి. ఇరవై అయిదు లోపు వెళ్తే అల బండిని దాటి పోతుంది. నలభై దాటి వెళ్తే బండే అలని దాటేస్తుంది. మధ్యలో వెళ్లారా, రెండూ జోడీ కట్టి నడుస్తాయి. అల పెరిగి పెరిగి గడ్డని కింద నుంచి పగలగొడుతుంది. ఈ లెక్క నేను బడిలో నేర్చుకున్నది కాదు. బడి నేను ఎనిమిదో తరగతిలో మానేశాను. బడే నన్ను మానేసిందని మా మాస్టారు అంటారు. మా మధ్య ఆ తగువు ఇంకా తేలలేదు.

ఈ లెక్క మాకు చెప్పింది హెల్యు పిన్ని మొగుడు, మా మైన్‌హార్డ్ బాబాయి. దీవి నుంచి అవతలి ఒడ్డుకి గడ్డ మీద ఇరవై ఆరు కిలోమీటర్ల బాట. ఆ బాట మొదట్లో కాపలా గుడిసె. అందులో ఆయన. పొద్దున్నే బరమా పట్టుకెళ్లి, రంధ్రం చేసి గడ్డ మందం చూసేవాడు, బాటకి రెండు పక్కలా చిన్న చిన్న దేవదారు కొమ్మలు నాటేవాడు, వచ్చిన ప్రతి బండీ ఆపి మూడు ముక్కలు చెప్పేవాడు: "బెల్టు తీసెయ్. తలుపు ఓరగా తెరిచి ఉంచు. ఇరవై అయిదుకీ నలభైకీ మధ్య వెళ్లకు." బండి మునిగితే బయటికి దూకడానికి మొదటి రెండు. అసలు మునక్కుండా ఉండటానికి మూడోది. పెళ్లిలో పాస్టరు గారు "నీ భార్యకి ఏం మాట ఇస్తావు?" అని అడిగితే కూడా ఈ మూడే చెప్పాడని మా అమ్మ అంటుంది. మా అమ్మ అబద్ధాలాడదు. నాలా కాదు.

పిన్నికి సొంత బండి ఉండేది కాదు. ఆవిడది తన్నుబండి. రెండు పొడుగాటి ఇనప పట్టీలు, వాటి మీద ఒక కుర్చీ. వెనక ఒక పట్టీ మీద ఒక కాలు పెట్టి, రెండో కాలితో నేలని తన్నుకుంటూ పోవడమే. ముందు కుర్చీలో మనిషి బదులు టపా సంచీ. అలా ముప్పై ఒక్క ఏళ్లు మా ఊరికి ఉత్తరాలు పంచింది. ఎండాకాలంలో సైకిలు, చలికాలంలో తన్నుబండి. మనిషి నా భుజం దాకా కూడా రాదు. కుడి కాలి పిక్క మాత్రం గుర్రానిదిలా ఉండేది. ఆవిడ ఎడం కాలు కన్నా కుడి కాలు రెండు వేళ్లు పొడుగని ఊళ్లో అందరికీ చెప్పింది నేనే. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

ఒక ఏడాది మంచు ఎంత పడిందంటే, ఇళ్లు కనిపించలేదు. పొగ గొట్టాలు మాత్రమే కనిపించాయి. పిన్ని ఒక్కో గొట్టం దగ్గర ఆగి, వాసన చూసి, ఇది కాఫీ, ఇది ఎండెల్ ఇల్లు, ఇది మాడిన గంజి, ఇది తావి వాళ్లమ్మ ఇల్లు అని గుర్తుపట్టి, పేపరు గొట్టంలో వేసి పోయేది. తావి అంటే నేనే. ఆ చలికాలమంతా ఎండెల్ మావయ్య పొగబెట్టిన చేపతో పాటు పొగబెట్టిన పేపరు చదివాడు. రుచి బాగుందన్నాడు.

సరే, అసలు కథకి వస్తాను. సోవియట్ వాళ్లు పోయి మాకు సొంత దేశం, సొంత డబ్బు క్రోన్లు వచ్చిన రెండో చలికాలం. బాబాయి పోయి నాలుగేళ్లు. నవంబరులో, పిల్లలు మార్టిన్ పండక్కి ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగే వారంలో పిన్నికి ఒక ఉత్తరం వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో తనకి తనే తెచ్చుకున్న మొదటి ఉత్తరం అదే. టపా ఆఫీసు వాళ్లు రాశారు. మీ ఊరిదీ పక్క ఊరిదీ కలిపి ఒకే రూటు చేస్తున్నాం, యాభై ఎనిమిది ఇళ్లు, మార్చి ఒకటి నుంచి. కారూ లైసెన్సూ ఉన్నవాళ్లకే ఉద్యోగం. ఇద్దరికీ ఉంటే ఎక్కువ ఏళ్లు చేసినవాళ్లకి.

పక్క ఊరి టపా రైవోది. వాడికి కారు ఉంది, లైసెన్సు ఉంది, ఇరవై ఆరేళ్ల వయసుంది. మంచివాడే. కొట్టు దగ్గర కనిపిస్తే పిన్ని అడిగింది.

"రైవో, రూటు నీకొస్తే ఆల్మా అత్త సంగతేంటి?"

ఆల్మా మా ఊరి కొసకి ఎదురుగా, మూడు కిలోమీటర్ల అవతల, ఒక చిన్న లంకలో ఒక్కతే ఉండేది. ఎండాకాలంలో పడవ వెళ్తుంది. చలికాలంలో గడ్డ మీద పిన్ని తన్నుబండి తప్ప ఇంకేదీ వెళ్లదు. ఆల్మా అన్నయ్య ఓస్కార్ యుద్ధం చివర్లో పడవెక్కి స్వీడన్ వెళ్లిపోయాడు. పదిహేను రోజులకోసారి ఉత్తరం రాస్తాడు. సోవియట్ రోజుల్లో ఆ ఉత్తరాలు ముందు ఎవరెవరో విప్పి చదివాక వచ్చేవి. ఇప్పుడే రెండేళ్లుగా మడత నలగకుండా వస్తున్నాయి.

"లంకకా?" అన్నాడు రైవో. "నా కారుకి ఈత రాదు పిన్నిగారూ. పడవలు తిరిగాక అన్నీ ఒకేసారి కట్టగా ఇచ్చేస్తాలెండి. కూర్చుని తీరిగ్గా చదువుకుంటుంది."

"ఆవిడకి ఎనభై ఒకటి. వాళ్ల అన్నకి ఎనభై నాలుగు. ఇద్దరిలో ఎవరు ఏప్రిల్ దాకా ఆగుతారో కాస్త రాసిస్తావా? ఆవిడకి చెబుతాను."

రైవో టోపీ సర్దుకున్నాడు. పిన్ని రొట్టె తీసుకుని బయటికొచ్చి, అక్కడే నన్ను పట్టుకుంది.

"ఒరేయ్ తావీ, నాకో కారు చూడు."

ఆ మాట అన్నదే తడవు, ఊళ్లో ఇంకో కబురు లేదు. శనివారం సౌనాలో, అంటే ఊరి ఆవిరి స్నానాల గదిలో, మొగవాళ్లం పై మెట్టు మీద కూర్చుని, ఒళ్లు కాలిపోతున్నా సరే, పిన్నికి ఏ కారు కొనాలో తేల్చడం మొదలుపెట్టాం. నా పట్టు జీపు మీద. సరిహద్దు సైనికులు వెళ్లిపోతూ వదిలేసిన జీపు ఒకటి నా కొట్టంలో ఉంది. నాలుగు చక్రాలూ తిరిగేది. దాన్ని నా చేతుల్తో బాగుచేశాను. ఆ రోజుల్లో నేను ముట్టుకుంటే చచ్చిన ఇంజను లేచి దణ్ణం పెట్టేది.

"మంచులో బరువే బలం మావయ్యా!" అన్నాను. "జీపు ఎక్కితే మంచే పక్కకి తప్పుకుంటుంది."

"నీ జీపు పెట్రోలు తాగుతుందా, స్నానం చేస్తుందా?" అన్నాడు ఎండెల్ మావయ్య. ఆయన ఒకప్పుడు చేపల సంఘం లారీ నడిపినవాడు. "స్వీడన్ నుంచి ఓడలో దిగిన పాత కారు ఒకటి రేవులో ఉంది. ముందు చక్రాలు లాగుతాయి. సీటు కింద వెచ్చగా ఉంటుంది. ముసలి ఎముకలకి మంచిది."

"ముసలి ఎముకలు ఎవరివిరా ఎండెల్?"

చెక్క గోడ అవతలి నుంచి. ఆడవాళ్ల వంతు వచ్చేసింది, పిన్ని బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని అంతా వింటోంది.

"నావేనే తల్లీ, నావే!"

"అయితే నువ్వే కొనుక్కో. నాకు ఆదివారం ఆ రెండు బళ్లూ కొట్టు ముందుకి తీసుకురండి. నీ సబ్బుపెట్టె కూడా."

 అందరం పడీ పడీ నవ్వాం. సబ్బుపెట్టె అంటే సోవియట్ వాళ్లు చేసిన బుల్లి కారు. ఇంజను వెనక ఉంటుంది, సామాను ముందు పెట్టుకోవాలి. ఎండెల్ మావయ్య పెరట్లో ఉన్న సబ్బుపెట్టెలో రెండేళ్లుగా కోళ్లు కాపురం ఉంటున్నాయి.

ఆదివారం కొట్టు ముందు మోకాలి లోతు మంచు. మూడు బళ్లూ వరసగా నిలబెట్టాం. సబ్బుపెట్టెని గుర్రంతో లాక్కొచ్చాం. ఒక పెట్ట వెనక సీటు మీద గుడ్డు పెట్టి, దిగనని కూర్చుంది. దాన్ని అలాగే తెచ్చాం. పిన్ని వచ్చింది. దూది కూర్చిన కోటు, ఊలు బూట్లు, చేతికి ఉన్ని తొడుగులు, భుజాన నిండు టపా సంచీ. కొనేవాళ్లు కారు చుట్టూ తిరుగుతారు, టైర్లు తంతారు, ఇంజను చూస్తారు. ఆవిడ ఇంజను చూడలేదు. సరాసరి జీపు ఎక్కింది, దిగింది. ఎక్కింది, దిగింది. ఎక్కింది. మూడోసారి దిగలేదు, పడింది.

"ఏంటి పిన్నీ ఇది?"

"యాభై ఎనిమిది ఇళ్లు. యాభై ఎనిమిది సార్లు ఎక్కాలి, యాభై ఎనిమిది సార్లు దిగాలి. దీనికి నిచ్చెన కూడా ఇస్తావా?"

"అలవాటు అవుతుందిలే."

"బరువెంత?"

నేను ఛాతీ విరిచాను. "పదహారు వందల కిలోలు! ఏనుగు!"

"జనవరిలో ఆల్మా అత్త దగ్గర గడ్డ జానెడు మందం కూడా ఉండదు. ఏనుగుని ఎత్తుకుని తీసుకెళ్లనా?" అని, వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించి జీపుని నెట్టింది. జీపు కదల్లేదు. పిన్ని బూట్లు మంచులో వెనక్కి జారాయి.

"ఒంటరిగా ఇరుక్కుంటే ఎవరు నెడతారు?"

"నాకు కబురు చెయ్యి, వస్తాను."

"నువ్వొచ్చేసరికి ఎండాకాలం వస్తుంది."

జనం ఘొల్లుమన్నారు. నేను కూడా నవ్వాననుకోండి.

స్వీడన్ కారు ఎక్కి దిగడం బాగానే ఉంది. కానీ దాని పొట్ట నేలకి దగ్గర. రెండు గజాలు ముందుకి పోగానే పొట్ట కింద మంచు చేరి, ముందు చక్రాలు రెండూ గాల్లో ఊరికే తిరిగాయి. పిన్ని నెట్టింది. కారు కొంచెం ఊగి, అక్కడే కూర్చుంది. ఇక సబ్బుపెట్టె. పెట్టని ఎత్తి నా చేతికిచ్చి, పిన్ని లోపల దూరింది. దూరడం అంటే నిజంగా ఆవిడ కొలతకే కుట్టినట్టుంది. మోచేత్తో తలుపు తోస్తే తెరుచుకుంది. సంచీ పక్క సీట్లో సరిగ్గా పట్టింది.

"దీని బరువు?"

"ఎనిమిది వందలు," అన్నాడు ఎండెల్ మావయ్య, సిగ్గుపడుతూ. "కోళ్లు లేకుండా."

పిన్ని దిగి, వెనక నిలబడి, భుజం ఆనించి ఒక్క తోపు తోసింది. సబ్బుపెట్టె కదిలింది. కదిలి, పల్లంలోకి తిరిగి, వేగం పట్టి, పాల క్యాన్లు పెట్టే బల్లని గుద్ది ఆగింది. బల్ల విరిగింది. కారుకి ఏమీ కాలేదు.

"ఇదే," అంది పిన్ని.

"అందులో కోళ్లున్నాయే!"

"మైన్‌హార్డ్ పడవ కొట్టం ఖాళీగా ఉంది. నీ కోళ్లకి అదిస్తాను. కారుకన్నా పెద్దిల్లు."

అలా ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయింది. నేను వారం రోజులు ఆ ఇంజను విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. జీపు ఓడిపోయినందుకు అలగలేదు, అలిగానని ఎవరైనా చెబితే నమ్మకండి. విప్పి చూశాక ఆవిడ ఎంపిక నాకే నచ్చింది. ఇంజను బరువంతా వెనక చక్రాల మీదే ఉంటుంది, తిరిగేవీ అవే, కాబట్టి మంచులో కాలు జారదు. పైగా దానికి వేరే పెట్రోలు స్టవ్ ఉంది. ఇంజను ఆపినా స్టవ్ మండుతూనే ఉంటుంది. ముందు సీట్లో కాళ్ల దగ్గర నేలకి ఒక మూత కూడా ఉంది. ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని దేనికి పెట్టారో నాకు తెలీదు గానీ, నేను దాన్ని తీసి, కింద గడ్డకి రంధ్రం చేసి, సీట్లోంచి లేవకుండా, స్టవ్ వేసుకుని పద్నాలుగు చేపలు పట్టాను. పదిహేనోది ఆ కంతలో పట్టలేదు. వదిలేశాను.

స్టవ్‌తో ఒకటే చిక్కు. ఎంత ఊదినా గొట్టాల్లో ఈకలు మిగిలిపోయాయి. స్టవ్ వెలిగించినప్పుడల్లా ఒకటో రెండో ఎగిరొచ్చేవి. బయట మంచు పడేది, లోపల ఈకలు పడేవి.

జనవరి మూడో వారంలో మా ఊరి కొస పక్కన సముద్రం బాగా బిగిసింది. పిన్నికి నడపడం అక్కడే నేర్పాను. మేమంతా అక్కడే నేర్చుకున్నవాళ్లం. గుద్దుకోవడానికి ఏమీ ఉండదు. పిన్ని కూర్చోగానే బెల్టు పక్కకి తోసింది, తలుపు ఓరగా తెరిచింది, ఇరవై నాలుగు దాకా నెమ్మదిగా వెళ్లి, అక్కడ పళ్లు బిగించి ఒక్క తొక్కు తొక్కింది. మీటరు ముల్లు ఇరవై నాలుగు నుంచి నలభై ఒకటికి ఎగిరింది. మధ్యలో ఉన్న అంకెలు దానికి కనిపించలేదు.

"శభాష్ పిన్నీ! బాబాయి చూసుంటే టోపీ తీసేవాడు."

"మాట్లాడకురా. లెక్క తప్పుతుంది."

నేను గొప్ప గురువునని ఆ నెలంతా ఊళ్లో చెప్పుకుని తిరిగాను. గురువు చేసిన తప్పు ఫిబ్రవరిలో బయటపడింది.

లైసెన్సు పరీక్ష కార్డ్లాలో. కార్డ్లా అంటే మా దీవికంతటికీ ఉన్న ఒక్క పట్నం. పరీక్ష పెట్టే లానెమెట్స్ గారు అవతలి ఒడ్డు నుంచి గడ్డ బాట మీద వచ్చారు. ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో, ఇంజను నా వీపు కింద. పిన్ని కూర్చుంది. బెల్టు పక్కకి తోసింది. తలుపు ఓరగా తెరిచింది.  గడ్డ మీద నేర్పినవాణ్ణి, నేల మీద ఇవి వద్దని చెప్పడం నాకు తట్టనేలేదు. నాకు నిజంగా తట్టలేదు. మా దీవిలో పుట్టినవాడికి ఎలా తడుతుంది?

బజారు వీధిలో ముప్పై బోర్డు వచ్చింది. పిన్ని దాన్ని చూసి, పళ్లు బిగించి, నలభై రెండులో దాటింది. స్టవ్‌లోంచి ఒక ఈక ఎగిరొచ్చి లానెమెట్స్ గారి మీసం మీద వాలింది.

"ఆపండమ్మా," అన్నారు ఆయన.

ఆపింది.

"బెల్టు లేదు. తలుపు తెరిచి ఉంది. ముప్పై దగ్గర నలభై రెండులో వెళ్లారు. మూడూ ఒకేసారి చేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు."

"మూడూ ఒకేసారే చెయ్యాలండీ. ఒక్కటి తప్పినా మునిగిపోతాం."

"ఎక్కడ మునుగుతాం? ఇది బజారమ్మా! అదిగో రొట్టెల కొట్టు!"

పిన్ని రొట్టెల కొట్టు వైపు చూసింది. అప్పుడే దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.  ఆయన కాగితం మీద అడ్డగీత గీశారు. మళ్లీ పరీక్ష నెలాఖరున. అంటే ఆఖరి రోజు. అదీ పోతే మర్నాటి నుంచి టపా రైవోది, ఆల్మాకి ఉత్తరాలు ఏప్రిల్‌లో.

ఆ వారం పిన్ని రోజూ మధ్యాహ్నం నా కొట్టానికి వచ్చి, నిలబెట్టిన కారులో కూర్చుని బెల్టు పెట్టుకోవడం నేర్చుకునేది. ఎండెల్ మావయ్య కోడిగుడ్లు తెచ్చి, గుమ్మంలో నిలబడి "ఇంకా మునగలేదా?" అని అడిగి పోయేవాడు. బెల్టు కొక్కెం దాకా వచ్చేది. అక్కడ చెయ్యి ఆగిపోయేది. యాభై నాలుగేళ్ల మనిషి, మంచు తుపానులో ఒక్కతే సముద్రం దాటే మనిషి, ఆ చిన్న కొక్కెం దగ్గర బెల్టు వదిలేసేది.

"ఇది పెడితే మీ బాబాయి మాట జవదాటినట్టుంటుందిరా."

"బాబాయి చెప్పింది నీళ్ల మీద పిన్నీ. ఇది నేల."

"ఈ దీవిలో నీళ్ల మీద లేని చోటు ఎక్కడుందిరా?"

 ఇలాంటప్పుడు నేను చేసే పనే చేశాను.

"బాబాయి నేల మీద బెల్టు పెట్టుకునేవాడు పిన్నీ. నేను కళ్లారా చూశాను. కార్డ్లాలో, ఆ ఎర్ర కారులో... గడ్డ దిగి నేల ఎక్కగానే టక్కున పెట్టుకున్నాడు. 'నేల మీద నేల మర్యాద' అన్నాడు."

పిన్ని నా వైపు తిరిగింది.

"మీ బాబాయి బెల్టున్న కారు జన్మలో ఎక్కలేదు. ఎక్కింది గుర్రపు బండీ, లారీ."

"మరి నేను చూసిందెవర్ని?"

"నీ బుర్రలో ఉన్నవాణ్ణి." నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే, చూసుకోకుండా, కొక్కెం పెట్టేసింది. టక్ మంది. ఇద్దరం కొక్కెం వైపు చూశాం.  

"బెల్టు పెడతాను," అంది. "తలుపు వేస్తాను. మూడోది మాత్రం నన్నడక్కు. అది నా వల్ల కాదు."

నెలాఖరు రోజున పొద్దుట్నుంచీ మంచు. మెత్తగా, దట్టంగా, ఆగకుండా. లానెమెట్స్ గారు ఎక్కారు, మీసం మీద ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని. పిన్ని తలుపు వేసింది. బెల్టు పెట్టుకుంది. బయల్దేరింది. ఇరవై నాలుగు.

బజారు వీధిలో ఇరవై నాలుగు. చర్చి దగ్గర ఇరవై నాలుగు. ముప్పై బోర్డు దగ్గర, యాభై బోర్డు దగ్గర, ఏ బోర్డూ లేని చోట కూడా ఇరవై నాలుగు. వెనక రైవో కారు చేరింది, రొట్టెల బండి చేరింది, దాని వెనక పాల లారీ, దాని వెనక ఇంకా ఎన్నో. నేను లెక్కపెట్టినప్పుడు పదమూడు. పక్కన నడిచే జనం ఆగి టోపీలు తీశారు. ఎవరిదో అంతిమయాత్ర అనుకున్నారు. పాస్టరు గారు ఎవరు పోయారో కబురందలేదని కంగారుపడి సైకిలేసుకుని వెనకే వచ్చారు. ఇందులో సైకిలు మాత్రం నేను కలిపాను, ఆయన నడిచే వచ్చారు.

తర్వాత గుట్ట వచ్చింది. మా దీవి అరచెయ్యిలా చదును. గుట్ట కావాలంటే ఆకాశం నుంచి పడాల్సిందే. నిజంగానే ఎప్పుడో ఉల్క పడి, దాని అంచు పైకి లేచి, ఈ ఒక్క గుట్టా మిగిలింది. దాని మీద ఆ రోజు కొత్త మంచు, కింద పాత గడ్డ. ఎక్కాలంటే కింద నుంచే ఊపు పట్టి, ముప్పై అయిదులో రావాలి. అందరూ అలాగే వస్తారు.  ముప్పై అయిదులో ఆవిడ చావదలుచుకుంటే తప్ప వెళ్లదు. పిన్ని గేరు తగ్గించింది. ఇరవై నాలుగు. ఇంజను నా వీపు కింద ఎద్దులా రంకె వేసింది. చక్రాలు ఒకసారి జారాయి, పట్టుకున్నాయి, మళ్లీ జారాయి, పట్టుకున్నాయి. బరువంతా వాటి మీదే ఉంది మరి. పైగా ఆ బరువులో నేనూ ఉన్నాను. నేను ఆ రోజు పస్తుండి వచ్చుంటే పిన్ని ఫెయిలయ్యేది.

పైకి చేరాక వెనక్కి చూశాను. రైవో కారు సగంలో అడ్డం తిరిగి, మంచు గట్టులో ముక్కు పెట్టి నిలబడింది. దాని వెనక రొట్టెల బండి. దాని వెనక అందరూ.

లానెమెట్స్ గారు కూడా చూశారు. కాగితం తీశారు. "మంచు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లడం తప్పని రూల్సులో ఎక్కడా లేదు," అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. సంతకం పెట్టారు. పెట్టి, కలం జేబులో పెట్టుకుంటూ అడిగారు. "ఒక్క మాట చెప్పండమ్మా. పోయినసారి ముప్పై దగ్గర నలభై రెండు. ఈసారి అన్నిచోట్లా ఇరవై నాలుగు. మధ్యలో అంకెలతో మీకేం పేచీ?"

పిన్ని మైన్‌హార్డ్ బాబాయి గొంతుతో మూడు ముక్కలూ చెప్పింది. అలలూ జోడీ నడకా కూడా చెప్పింది. వింటుండగానే ఆయన మొహం బయటి మంచుకన్నా తెల్లబడింది.

"పొద్దున్న కాపలావాడు ఏదో చెప్పాడు. రేడియో మోగుతోంది, వినలేదు. నేను... ముప్పై మూడులో వచ్చానే."

"గడ్డ మందంగా ఉంది కాబట్టి బతికారు," అంది పిన్ని. "వెళ్లేటప్పుడు రేడియో కట్టెయ్యండి."

ఆ సాయంత్రం ఇరవై ఆరు కిలోమీటర్లూ ఆయన గంటకి పైగా నడిపారని, రెండు తలుపులూ బార్లా తెరిచి, మెడ చుట్టూ దుప్పటి కప్పుకుని వెళ్లారని కాపలావాడు చెప్పాడు. వాడు నాకన్నా కోతలు కోస్తాడు, అయినా ఇది నమ్ముతాను.

మార్చి ఒకటిన యాభై ఏడు ఇళ్లు పంచాక, పిన్ని ఒడ్డున కారు ఆపింది. నేనూ పక్కనే ఉన్నాను, మొదటి రోజు కారుకి ఏమైనా అవుతుందేమోనని. ఎదురుగా లంక దాకా తెల్లటి సముద్రం. దాని మీద రెండు వరసల దేవదారు కొమ్మలు. నాలుగేళ్లుగా వాటిని పిన్నే నాటుతోంది. సంచీలో ఓస్కార్ ఉత్తరం ఉంది.

పిన్ని బెల్టు విప్పింది. టక్. తలుపు ఓరగా తెరిచింది. అప్పుడు ఊపిరి వదిలింది. పొద్దుట్నుంచి దాచుకున్న ఊపిరంతా వదిలినట్టు.

"ఎంతలో పోదాం పిన్నీ?"

"ఉత్తరం ఉందిరా. ఎక్కువలోనే."

నలభై అయిదులో వెళ్లాం. చక్రాల కింద గడ్డ సన్నగా పాడింది. అది పాడితే మంచిదే, మౌనంగా ఉంటేనే భయం. లంక మీద ఆల్మా బామ్మ తలుపు తీసి, మమ్మల్ని చూసి, గబుక్కున లోపలికి పోయి తలుపేసుకుంది. కారు గడ్డ మీద వచ్చిందంటే సరిహద్దు సైనికులేనని యాభై ఏళ్ల అలవాటు. పిన్ని దిగి కేకేసింది.

"అత్తా, నేనే! టపా!"

తలుపు ఒక వేలెడు తెరుచుకుంది.

"హెల్యూ? ఆ డబ్బా ఏంటే? తన్నుబండి ఏం పాపం చేసింది?"

"ఊరు పెద్దదైందత్తా. కాళ్లు చిన్నవయ్యాయి."

ఆల్మా బామ్మ కాఫీ పెట్టింది. నల్ల రొట్టె, వెన్న, పొగబెట్టిన చేప ముందు పెట్టింది. ఉత్తరం రెండుసార్లు చదువుకుంది, ఒకసారి లోపల, ఒకసారి పైకి. ఓస్కార్‌కి మోకాలు నొప్పి, ఆపిల్ చెట్టు కొమ్మ విరిగింది, అక్కడ మంచు లేదు. అంతే ఉంది అందులో. చదివి, మడిచి, కిటికీ దగ్గర ముందరి ఉత్తరాల పక్కన పెట్టి, కోటు తొడుక్కుంది.

"ఎక్కడికత్తా?"

"ఆ డబ్బాలో నన్నొకసారి తిప్పు. గడ్డ గట్టిగా ఉన్నంత దాకా. అన్నయ్య వెళ్లిన వైపు."

తిప్పాం. నేను వెనక, ఇంజను మీద. స్టవ్ వెలిగించింది పిన్ని. రెండు ఈకలు ఎగిరొచ్చి ఆల్మా బామ్మ ఒళ్లో పడ్డాయి. ఆవిడ వాటిని తీసి దాచుకుంది, ఇక్కడ ఏ పక్షి దూరిందే అని అడక్కుండానే.

ఓస్కార్ ఇంకా ఆరేళ్లు రాశాడు. ఆల్మా బామ్మ ఆరేళ్లు చదివింది. ఒక్క ఉత్తరం కూడా ఏప్రిల్ దాకా ఆగలేదు. పిన్ని పదకొండు చలికాలాలు ఆ కారు నడిపింది, మీటరు మీద ఇరవై అయిదు నుంచి నలభై దాకా అంకెలు అరిగిపోకుండా కొత్తగా మిగిలిపోయాయి. ఇప్పుడు కారు నా కొట్టంలో ఉంది. సముద్రం సరిగ్గా గడ్డకట్టక ఎన్నేళ్లయిందో లెక్క మర్చిపోయాను. డిసెంబరులో మాత్రం అలవాటు పోక కొమ్మలు నరికి కట్ట కట్టి ఒడ్డున పెడతాను. మార్చిలో అవే కొమ్మల్ని సౌనా కింద తగలేస్తాను. బాగా మండుతాయి.